ముందు వాసన చూసి రా

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను తొమ్మిది పూర్తి చేసి పదో తరగతిలోకి వెళ్తున్నాను. ఇంటికి ఎవరొచ్చినా "పెద్దయ్యాక ఏమవుతావు?" అనే అడుగుతారు. జంతువులంటే ఇష్టం కాబట్టి వెటర్నరీ డాక్టర్ అని చెప్పేస్తుంటాను. నిజానికి బొమ్మలు గీయడం కూడా నాకు అంతే ఇష్టం. రెంటిలో ఏదీ దగ్గరగా చూసింది లేదు. నా ఫ్రెండ్ సెలవుల్లో ఫీజు కట్టి ఒక కెరీర్ క్యాంప్‌కి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంది. నాకూ అలాంటిదేదైనా చేయాలనుంది. కానీ నా వయసు వాళ్ళని ఎవరు రానిస్తారు? కొత్తవాళ్ళని అడగాలంటేనే టెన్షన్. నాన్నేమో "ముందు మార్కులు తెచ్చుకో, మిగతావి తర్వాత చూద్దాం" అంటున్నారు. హైస్కూల్లో ఉండగానే పనులు దగ్గరుండి చూసి, చేసి తెలుసుకోవడానికి ఏమేం దారులున్నాయి?

- ఒక విద్యార్థిని

జవాబు:

తల్లీ, నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట "రెంటిలో ఏదీ దగ్గరగా చూసింది లేదు" అన్నది. డిగ్రీ చేతికొచ్చాక కూడా ఈ మాట ఒప్పుకోని వాళ్ళు బోలెడంత మంది. నువ్వు ఇప్పుడే ఒప్పుకున్నావు కాబట్టి మన పని సగం తేలికైంది.

స్విట్జర్లాండ్‌లో నీ వయసు పిల్లలు ఒక పని చేస్తారు. ఏదైనా వృత్తి శిక్షణలో చేరే ముందు, ఆ పని జరిగే చోటికి వెళ్ళి కొద్ది రోజులు ఉండి వస్తారు. వడ్రంగి షెడ్డు కావచ్చు, బ్యాంకు కావచ్చు, ఆసుపత్రి కావచ్చు. దాన్ని జర్మన్‌లో 'ష్నుప్పర్‌లేరె' అంటారు. 'ష్నుప్పర్న్' అంటే వాసన చూడటం. పేరు భలే పెట్టుకున్నారు కదా! ఆ దేశంలో దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లలు హైస్కూల్ తర్వాత వృత్తి శిక్షణ వైపే వెళ్తారు కాబట్టి, ఇలా వాసన చూసి రావడం అక్కడ చాలా మామూలు విషయం. నచ్చితే అక్కడే శిక్షణకు దరఖాస్తు పెడతారు, నచ్చకపోతే ఇంకో చోట వాసన చూస్తారు.

నీకు ఇప్పుడు కావాల్సింది కూడా అంతే. ఏమవ్వాలో తేల్చుకోవడం కాదు. కొన్ని పనుల దగ్గరికి వెళ్ళి రెండు మూడు రోజులు ముక్కు తెరుచుకుని కూర్చోవడం.

వెటర్నరీ క్లినిక్ విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. అక్కడ స్పిరిట్ వాసన, తడిసిన బొచ్చు వాసన, భయపడిన జంతువు నేల పాడుచేసిన వాసన అన్నీ కలిసి ఉంటాయి. మన ఊహలోని క్లినిక్‌లో మాత్రం ముద్దుగా ఉన్న ఒక కుక్కపిల్ల, మెడలో స్టెతస్కోప్‌తో మనం, అంతే. అసలు రోజులో కరవబోయే కుక్కని ఒడిసిపట్టుకోవాలి, బోనులు కడగాలి, ప్రతి మందూ ప్రతి డోసూ రాసిపెట్టాలి, వైద్యానికి ఎంతవుతుందో చెప్పి అంత పెట్టుకోలేమనే యజమానితో ఓపిగ్గా మాట్లాడాలి. ఇక బతికే అవకాశం లేని జంతువును నొప్పి తెలియకుండా నిద్రపుచ్చాల్సిన రోజులూ వస్తాయి. ఇంకొకటి ఉంది. జంతువు తన బాధ చెప్పుకోలేదు కాబట్టి దాని సంగతంతా దాన్ని తెచ్చిన మనిషి నుంచే రాబట్టాలి. "నాకు మనుషులతో పడదు, అందుకే జంతువుల డాక్టర్ అవుతా" అనే పిల్లలు నాకు తరచుగా రాస్తుంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ఆ ఉద్యోగంలో సగం మనుషులతోనే.

బొమ్మల సంగతీ ఇంతే. నీకు నచ్చిన బొమ్మ నీకు నచ్చినట్టు గీయడం ఒకటి. వేరొకరు అడిగిన బొమ్మని, వాళ్ళు చెప్పిన సైజులో, చెప్పిన తేదీకి, ఆరోసారి కూడా మార్చి ఇవ్వడం ఇంకొకటి. రెండోది కూడా సంతోషంగా చేసేవాళ్ళు ఉన్నారు. నువ్వు వాళ్ళలో ఒకదానివో కాదో ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తెలియదు.

కాబట్టి ఎక్కడికి వెళ్ళినా నువ్వు తేల్చుకోవాల్సింది ఈ పని నాకు ఇష్టమా కాదా అన్నది కాదు. అది ఎలాగూ తెలుస్తుంది. ఈ పనిలో విసుగు ఎక్కడుంది, ఆ విసుగుని నేను మోయగలనా? ఇది చూడు. విసుగు లేని పని ఎక్కడా లేదు. ఒకరికి ప్రాణం తీసే విసుగు ఇంకొకరికి పెద్ద బరువనిపించదు. కెరీర్ అనే పెద్ద మాట వెనక ఉన్న అసలు రహస్యం నా దృష్టిలో ఇదే.

నా సంగతి ఒకటి చెప్తాను. హైస్కూల్లో ఉండగా ఒక సెలవుల్లో మా బాబాయి పక్కన కూర్చునేదాన్ని. ఆయన రేడియోలు బాగుచేసేవారు. సోల్డరింగ్ నేర్చుకున్నాను, వేలు కాల్చుకున్నాను, ఒక రేడియోని ఉన్నదానికన్నా పాడుచేశాను. నెల తిరిగేసరికి నాకో సంగతి తెలిసింది. రిపేర్ చేస్తున్నంతసేపూ నా కళ్ళు గోడ గడియారం మీదే. ఎవరైనా రేడియో తెచ్చి "పాట మధ్యలో గరగరమంటోందండీ" అని మొదలుపెడితే మాత్రం, ఎప్పట్నుంచి, వానొచ్చినప్పుడా, కింద పడేశారా అని ప్రశ్న మీద ప్రశ్న వేసేదాన్ని. "నీకు రేడియో అక్కర్లేదే, దాని కథ కావాలి" అనేవారు బాబాయి. ఇప్పుడు మీ ఉత్తరాలు చదువుతూ కూర్చున్నానంటే దాని మొదలు అక్కడే. ఎలక్ట్రానిక్స్ నా దారి కాదని ఒక్క సెలవుల్లో తెలిసిపోయింది. అదే సంగతి ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో తెలిసి ఉంటే ఎంత ఖరీదయ్యేదో!

సరే, నువ్వు ఈ వారంలోనే మొదలుపెట్టగలిగేది చెప్తాను. దీనికి ఎవరినీ అడగక్కర్లేదు.

జూనివర్స్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. శాస్త్రవేత్తల దగ్గర పోగుపడిన ఫొటోలు, రికార్డింగులు మామూలు జనం చూసి గుర్తించిపెట్టే చోటు. ఉచితం. 2007లో గెలాక్సీ జూ అనే ఒక్క ప్రాజెక్ట్‌తో మొదలైంది. అందులో గెలాక్సీల ఫొటోలు చూస్తున్న హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ స్కూల్ టీచర్ ఆ ఏడాదే ఎవరూ గమనించని ఒక వింత వస్తువును ఆకాశంలో కనిపెట్టింది. దానికి ఇప్పుడు ఆమె పేరే. జంతువుల ప్రాజెక్టులు కూడా అందులో ఎప్పుడూ ఏదో ఒకటి నడుస్తుంటాయి. స్నాప్‌షాట్ సెరెంగెటి అలాంటిదే. టాంజానియాలోని సెరెంగెటి నేషనల్ పార్క్‌లో 225 కెమెరాలు పెట్టారు. ఎదురుగా ఏదైనా కదిలితే అవే ఫొటో తీస్తాయి. ఆ ఫొటోలో ఉన్నది ఏ జంతువో, ఎన్ని ఉన్నాయో, మేస్తోందా పడుకుందా అన్నది చూసేవాళ్ళు గుర్తించాలి.

ఇలాంటి ప్రాజెక్ట్ ఒకటి ఎంచుకుని రెండు వందల ఫొటోలు చూడు. సింహం కోసం ఎదురుచూస్తావు. వచ్చేది చాలావరకు గాలికి ఊగిన గడ్డి. తర్వాత ఒక జింక చెవి. మళ్ళీ గడ్డి. వన్యప్రాణుల పరిశోధనలో చాలా గంటలు ఇలాగే గడుస్తాయి. నూట యాభయ్యో ఫొటో దగ్గర నీకు నిద్ర వచ్చిందా, లేక "ఈ చెవి ఏ జంతువుది" అని పట్టుదల వచ్చిందా? ఏ ఆప్టిట్యూడ్ టెస్టూ ఇంత బాగా చెప్పదు.

ఇంటి చుట్టూ కనిపించే పక్షుల్ని లెక్కపెట్టి ఈబర్డ్ అనే సైట్‌లో నమోదు చేయొచ్చు. అది కార్నెల్ యూనివర్సిటీ పక్షుల పరిశోధనశాల నడిపేది. మొక్కలు, పురుగులైతే ఐనాచురలిస్ట్. నీ ఫొటోలో ఉన్నది ఏ జాతో తెలిసినవాళ్ళు చెప్తారు, ఒక్కోసారి నువ్వు తప్పని కూడా చెప్తారు. అలా దిద్దించుకోవడం అలవాటవడం కూడా మంచిదే.

జంతువులా బొమ్మలా అని నువ్వు తూకం వేస్తున్నావు కాబట్టి మరియా సిబిల్లా మేరియన్ గురించి చెప్పాలి. 1647లో జర్మనీలో పుట్టింది. పదమూడేళ్ళకే పట్టుపురుగుల్ని పెంచుతూ, అవి గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా ఎలా మారుతున్నాయో చూసి గీయడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని ఇంకా చాలామంది నమ్ముతున్న కాలమది. 1699లో, యాభై దాటాక, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని సముద్రం దాటి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళి అక్కడి పురుగుల్ని గీసింది. ఆ బొమ్మలు 1705లో అచ్చయ్యాయి. ఆమె చిత్రకారిణా, శాస్త్రవేత్తా? ఆ ప్రశ్న ఆమెని అడిగితే ఏమనేదో మరి! శాస్త్ర పుస్తకాలకీ, మ్యూజియాలకీ, వైద్య విద్యకీ బొమ్మలు గీసే వృత్తి ఇప్పటికీ ఉంది. వెటర్నరీ డాక్టర్ అనే ఒక్క పేరు దగ్గరే ఆగిపోకు. నీకు తెలిసిన ఉద్యోగాల పేర్లు ఇప్పుడు పది పన్నెండు మించి ఉండవు, ఎందుకంటే ఇంటికొచ్చే వాళ్ళకి తెలిసినవి అవే.

ఇక అసలు టెన్షన్ దగ్గరికి వద్దాం. అడగడం.

మొదటి తప్పు చాలామంది "ఇంటర్న్‌షిప్" అని అడగడం. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళకి నెల రోజుల బాధ్యత, పేపర్లు, నీకు పని చూపించాల్సిన బరువు కళ్ళముందు కనిపిస్తాయి. కాదనడం తేలిక. ఒక్క పూట అడుగు. "ఒక పూట పక్కన కూర్చుని చూస్తాను" అంటే కాదనడానికి పెద్దవాళ్ళకి పెద్దగా కారణం దొరకదు. దీన్నే జాబ్ షాడోయింగ్ అంటారు, నీడలా వెంట ఉండి చూడటం. అది కూడా కుదరకపోతే పదిహేను నిమిషాలు మాట్లాడటానికి అడుగు. తమ పని గురించి అడిగే పిల్లలంటే పెద్దవాళ్ళకి ఎంత సంతోషమో నీకు ఇంకా తెలియదు.

ఫోన్ చేయాలంటే గొంతు పెగలకపోతే మెసేజ్ రాయి. ఇలా: "డాక్టర్ గారికి నమస్కారం. నేను పదో తరగతి చదవబోతున్నాను. వెటర్నరీ డాక్టర్ల పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలని ఉంది. మీకు వీలైన ఏదైనా ఒక రోజు రెండు గంటలు క్లినిక్‌లో ఒక పక్కన కూర్చుని చూడనిస్తారా? దేన్నీ ముట్టుకోను, పనికి అడ్డం రాను. మా నాన్నగారు వచ్చి దింపుతారు, మీతో మాట్లాడతారు. వీలు కాకపోతే పర్వాలేదండీ." అంతే. నీ మార్కులు, నీ లక్ష్యం, చిన్నప్పటి కల ఇవేవీ రాయకు. ఐదుగురికి పంపితే ముగ్గురు జవాబే ఇవ్వకపోవచ్చు. దాన్ని మనసుకు తీసుకోకు, వాళ్ళ ఇన్‌బాక్స్ అలాంటిది. తెలిసినవాళ్ళ ద్వారా వెళ్తే ఇంకా మేలు. మీ సైన్స్ టీచర్‌ని అడుగు, కుక్కని పెంచే పక్కింటివాళ్ళని అడుగు.

వెళ్ళినప్పుడు "మీకు ఈ వృత్తి ఎందుకు నచ్చింది?" అని అడిగితే స్టేజి మీద చెప్పే జవాబు వస్తుంది. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు?" అని అడుగు. "ఈ పనిలో మీరు ఇంకొకరికి అప్పజెప్పేయాలనుకునేది ఏది?" అని అడుగు. "మళ్ళీ నా వయసుకి వెళ్తే ఏం వేరుగా చేస్తారు?" అని కూడా. ఫోన్ జేబులో పెట్టుకో, చిన్న నోట్‌బుక్ తీసుకెళ్ళు. అనుమతి లేకుండా ఫొటోలు వద్దు. ఆ రాత్రే నీ మాటల్లో రెండు పేజీలు రాసుకో. మర్నాటికి సగం మరిచిపోతాం.

ఆ నోట్సు ఎంత పనిచేస్తుందో, తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడేని చూస్తే తెలుస్తుంది. పద్నాలుగేళ్ళకి పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనిలో చేరి, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకున్న కుర్రాడు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినే అవకాశం వచ్చింది. విన్నదంతా శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు వేసి, తన చేత్తోనే బైండ్ చేసి డేవీకి పంపించాడు. మరుసటి ఏడాది ఆయన దగ్గరే ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు. నువ్వు వెళ్ళొచ్చిన వారంలోపు ఒక థాంక్స్ మెసేజ్ పెట్టు. అందులో నువ్వు గమనించిన ఒక్క విషయం రాయి, ఆ రోజు చూసిన పిల్లిని గీసిన బొమ్మ ఉంటే జతచెయ్యి. రెండోసారి రమ్మని వాళ్ళే అంటారని నా అనుభవం.

జాగ్రత్తలు చెప్పకపోతే మీ నాన్నగారు నన్ను తిడతారు. ఎక్కడికి వెళ్ళినా ఇంట్లో పెద్దవాళ్ళకి చోటు, సమయం, మనిషి తెలిసి ఉండాలి. మొదటిసారి వాళ్ళు వెంట రావాలి. చెప్పనిదే జంతువుని ముట్టుకోకు. ఎక్స్‌రే తీసేటప్పుడు గదిలోంచి బయటికి వచ్చెయ్. ఏ చిన్న గాటు పడినా, గోరు గీరుకున్నా దాచిపెట్టకు. సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, రేబీస్‌తో ఆటలు లేవు. జంతువుల షెల్టర్‌లో వాలంటీర్‌గా చేరాలనుకుంటే టీకాల గురించి ముందే డాక్టర్‌ని అడగండి. యంత్రాలు, రసాయనాలు ఉన్నచోట చూడటం వరకే. ప్రమాదం ఉన్న పనులకి 18 ఏళ్ళు నిండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లోనే నియమం పెట్టింది. ఇంకో మాట. "అనుభవం వస్తుంది" అంటూ వారాల తరబడి నీచేత ఊరికే చాకిరీ చేయించుకుంటుంటే అది నేర్చుకోవడం కాదు, వచ్చెయ్.

ఫ్రెండ్ వెళ్ళిన క్యాంప్ సంగతి. అన్నీ మోసమని అనను, మంచివీ ఉంటాయి. కట్టే ముందు ఒకటే అడగండి: రోజులో ఎన్ని గంటలు పిల్లలు తమ చేతుల్తో ఏదైనా చేస్తారు? "నిపుణుల ప్రసంగాలు, మోటివేషన్, సర్టిఫికెట్" అని జవాబొస్తే ఫీజు మిగుల్చుకోండి. పై చదువుల్లో సీటుకి ఇది ఉపయోగపడుతుందని గట్టిగా నమ్మబలికే చోటికి అసలు వెళ్ళొద్దు. ఒక పూట క్లినిక్‌లో కూర్చుని నువ్వు రాసుకున్న రెండు పేజీలు ఆ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ చెప్తాయి, పంచుకోవడానికి ఫొటో మాత్రం ఉండదు.

కెరీర్ టెస్టుల గురించి నువ్వు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే అంటున్నా. డబ్బు పెట్టి రాయక్కర్లేదు. జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1959లో మనుషుల ఆసక్తుల్ని ఆరు రకాలుగా చూసే ఒక పద్ధతి ప్రతిపాదించాడు. దాని మీద ఆధారపడిన టెస్ట్ ఒకటి అమెరికా కార్మిక శాఖ వాళ్ళ ఓనెట్ సైట్‌లో ఉచితంగా ఉంది. రెండు మూడు చోట్ల వాసన చూసొచ్చాక అది రాస్తే ఉపయోగం. ముందే రాస్తే ఊహల మీద ఊహలు పేర్చినట్టే.

నాన్న విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే ఆయన అన్నది తప్పు కాదు. వెటర్నరీ సీటు కావాలంటే బయాలజీ, కెమిస్ట్రీ మార్కులు లేకుండా ఏ వాసనా పనికిరాదు. ఆయనకి భయం ఏమిటంటే ఇదంతా ఎక్కడో మొదలై ఎక్కడికో పోతుందని. ఐర్లాండ్‌లో 1974 నుంచి ట్రాన్సిషన్ ఇయర్ అని ఒకటి ఉంది. హైస్కూల్ మధ్యలో, రెండు పెద్ద పరీక్షల నడుమ, పదిహేను పదహారేళ్ళ పిల్లలకి పరీక్షల గొడవ లేని ఒక ఏడాది. పని అనుభవం అందులో భాగం. ఫిన్లాండ్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు బడి తరఫునే ఒకటి రెండు వారాలు పనిచోట్లకి వెళ్ళొస్తారు. ఇవి ఆయనకి చెప్పు, కానీ ఏడాది అడగకు. సెలవుల్లో నాలుగు రోజులు అడుగు, తేదీలు కాగితం మీద రాసి చూపించు, బడి తెరిచాక దీని ఊసెత్తనని మాటివ్వు. నాలుగు రోజులకి కాదనే నాన్నలు తక్కువ.

ఆ నాలుగింటిలో మొదటి రోజు మీ నాన్నగారి దగ్గరే గడుపు. ఆయన పనిచోటికి నిన్ను రానిస్తే వెళ్ళు, లేకపోతే రాత్రి భోజనం అయ్యాక నోట్‌బుక్ పట్టుకుని ఎదురుగా కూర్చో. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశావు నాన్నా?" అని అడుగు. కొత్తవాళ్ళని అడగడానికి రిహార్సల్ అవుతుంది. ఆయన ఉద్యోగం పేరు నీకు తెలుసు, రోజంతా ఏం చేస్తారో తెలుసా? నాకు మా నాన్న సంగతి ముప్ఫై ఏళ్ళొచ్చేదాకా తెలియలేదు.

క్లినిక్‌కి వెళ్ళొచ్చాక నాకు మళ్ళీ రాయి. అక్కడ ఎంత బాగుందో తర్వాత. రెండు గంటలు అయ్యేసరికి గడియారం ఎన్నిసార్లు చూశావో అది ముందు రాయి.